ఇల్లే జైలంటున్నారు సరే, ఇల్లేది?

హౌస్ అరెస్ట్ అనే మాట మనకు కొత్తేం కాదు. ఎవరైనా 'ఛలో' అని పిలుపిస్తే చాలు, ముందురోజు రాత్రికే నాయకుల ఇంటి ముందు పోలీసు జీపు వచ్చి ఆగుతుంది. 2019 సెప్టెంబర్ 11న 'ఛలో ఆత్మకూరు' అన్నప్పుడు ఉండవల్లిలో చంద్రబాబు నాయుడు ఇంటి గేటుకు తాళ్ళు కట్టింది టీవీలో అందరం చూశాం. పెద్ద నాయకుడి గేటు కాబట్టి టీవీలో వచ్చింది. భూమి పట్టాల కోసం కలెక్టరాఫీసుకు పోదామనుకున్న కాలనీ కుర్రోణ్ణి పొద్దున్నే స్టేషన్‌లో కూర్చోబెడితే ఏ కెమెరా రాదు. రెండింటికీ కోర్టు ఆర్డరు మాత్రం ఉండదు.

నేను ఇక్కడ చెప్పబోయేది ఆ హౌస్ అరెస్ట్ గురించి కాదు. కోర్టు వేసే శిక్షగా హౌస్ అరెస్ట్ గురించి. తాగి బండి నడిపి దొరికిపోయి, నేరం రుజువైన మనిషిని జైలుకు పంపకుండా ఇన్ని రోజులు ఇంట్లోనే ఉండు అని చెప్పడం. కాలికి ఒక పట్టీ కడతారు. గడప దాటితే ఆ పట్టీ పోలీసులకు చెప్పేస్తుంది. అమెరికాలో, యూరప్‌లో ఇది దశాబ్దాలుగా నడుస్తోంది. మన దగ్గర కూడా రావాలి, జైళ్ళు నిండిపోయాయి అని చదువుకున్నవాళ్ళు అంటున్నారు. వినడానికి మంచి మాటే. జైలు వద్దు అనే మాట ఎవరన్నా ముందు మనకే నచ్చుతుంది. అందుకే తొందరపడి చప్పట్లు కొట్టకుండా, ఈ మాట ప్రళయకావేరి ఒడ్డున ఉన్న మన కాలనీల్లోకి వస్తే ఏమవుతుందో ఒకసారి చూద్దాం రండి.

ముందు చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ మద్యం ఉంటే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. 2019 సెప్టెంబర్ 1కి ముందు మొదటిసారి జరిమానా 2,000 దాకానే ఉండేది. ఒక్కసారిగా అయిదింతలు చేశారు.

ఇప్పుడు లెక్క చూడండి. నాయుడుపేట నుంచి తడ దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట గొట్టం పెట్టి ఊదమంటారు. కారులో పోయేవాడూ ఊదుతాడు, చేపల బుట్ట కట్టుకుని టీవీయస్ ఎక్సెల్ మీద పోయే మనోడూ ఊదుతాడు. చట్టం ముందు ఇద్దరూ సమానమే. కారులో ఉన్నోడు కోర్టులో 10,000 కట్టి మధ్యాహ్నానికి ఇంటికి పోతాడు. మనోడికి లైసెన్సు లేదంటే ఇంకో 5,000. ఇన్సూరెన్సు లేదంటే 2,000. హెల్మెట్ లేదంటే 1,000. అన్నీ కలిపితే 18,000. ఆ పాత బండిని అమ్మినా అంత రాదు. అందుకే ఎంతోమంది బండిని స్టేషన్ ఆవరణలోనే వదిలేసి వచ్చేస్తారు. అక్కడ వేపచెట్టు కింద తుప్పు పట్టిపోతున్న ఎక్సెల్‌లు మీరూ చూసుంటారు. కేసు మాత్రం తుప్పు పట్టదు. వాయిదాకు పోకపోతే వారెంటు వస్తుంది.

అంటే జైలుకు ప్రత్యామ్నాయం ఇప్పటికే ఉంది. దాని పేరు డబ్బు. కట్టగలిగినోడికి జైలు ఎటూ రాదు. కట్టలేనోడికే వస్తుంది. శిక్షల గురించి ఏ కొత్త ఆలోచన వచ్చినా మనం మొదట అడగాల్సింది ఇదే: ఇది ఈ లెక్కను మారుస్తుందా, లేక కట్టగలిగినోడికి ఇంకో సులువైన దారి చూపిస్తుందా?

కానీ ఒక మాట. తాగి నడపడాన్ని నేను చిన్న తప్పుగా చూడను, మీరు కూడా చూడొద్దు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న బస్సు ఒక మోటార్ సైకిల్‌ను ఈడ్చుకుపోయి కాలిపోయింది. బస్సులోని 19 మంది సజీవంగా దహనమయ్యారు. ఆ బైక్ నడిపిన అబ్బాయి మద్యం తాగి ఉన్నాడని, బైక్ ముందే పడిపోయి ఉందని పోలీసులు చెప్పారు. అతనూ చనిపోయాడు. ఆ తర్వాత హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్ళు టెర్రరిస్టులే అన్నారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఎందుకంటే ఆ ముద్ర ఒకసారి తయారైతే చివరికి ఎవరి నుదుటి మీద పడుతుందో మనకు తెలుసు. కానీ ఆయన కోపంలో అబద్ధం లేదు. మన రోడ్ల మీద తాగినోడి బండి కింద పడేది ఎవరు? రోడ్డు పక్కన నడిచిపోయేవాళ్ళు, సైకిల్ మీద పోయేవాళ్ళు, చీకట్లో రోడ్డు దాటే ఆడవాళ్ళు. అంటే మనమే. ముంబైలో 2006లో కార్టర్ రోడ్డు పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురి మీదకి కారెక్కించాడు ఒకడు. ఆ ఏడుగురూ కూలీలు. కాబట్టి శిక్షే వద్దు అని మాత్రం అనలేం.

ఇక ఇంట్లో శిక్ష అనుభవించడం అనేది మన దేశంలో ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం. 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో హైదరాబాదులో వరవరరావు గారితో సహా అయిదుగుర్ని అరెస్టు చేస్తే, మర్నాడే సుప్రీంకోర్టు వాళ్ళను ఎవరిళ్ళలో వాళ్ళను ఉంచమంది. గృహ నిర్బంధానికి కోర్టు ముద్ర పడటం చాలామంది అప్పుడే చూశారు. అదే కేసులో గౌతమ్ నవలఖా విషయంలో 2021 మే 12న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, విచారణలో ఉన్న మనిషిని కస్టడీకి పంపాల్సి వచ్చినప్పుడు తగిన కేసుల్లో జైలుకు బదులు ఇంట్లోనే ఉంచవచ్చు అని చెప్పింది. వయసు, ఆరోగ్యం, నేరం ఎలాంటిది, ఇంట్లో నిఘా పెట్టడం కుదురుతుందా, ఇవన్నీ చూడాలంది. నేరం రుజువయ్యాక వేసే శిక్షగా దీన్ని వాడాలా వద్దా అన్నది మాత్రం చట్టసభలు ఆలోచించుకోవాలని వదిలేసింది. జైళ్ళు కిక్కిరిసిపోయాయి, ఖర్చు ఎక్కువవుతోంది అని కూడా గుర్తు చేసింది. ఆ మాట అబద్ధం కాదు. 2022 లెక్కల ప్రకారం దేశంలో వంద మంది పట్టే జైల్లో 131 మంది ఉన్నారు. వాళ్ళలో ముప్పాతిక మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్ళే.

మరి ఆ తీర్పు తర్వాత ఏమైందో తెలుసా? 2022 నవంబర్‌లో నవలఖా గారికి హౌస్ అరెస్ట్ ఇచ్చారు. ఆయన సొంత ఇల్లు ఢిల్లీలో. ఉండమన్నది ముంబైలో. ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి నవీ ముంబైలో ఒక కమ్యూనిస్టు పార్టీ లైబ్రరీ ఉన్న భవనంలో చోటు దొరికితే, అది ఇల్లు కాదు కదా అని ఎన్‌ఐఏ అభ్యంతరం పెట్టింది. కాపలా పోలీసుల ఖర్చు కింద ముందుగా 2 లక్షల 40 వేలు కట్టమన్నారు. 2024కి వచ్చేసరికి ఆ బిల్లు 1 కోటి 64 లక్షలు అయిందని ఎన్‌ఐఏ చెప్పింది. 2024 మే 14న బెయిల్ ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు 20 లక్షలు కట్టమంది.

నన్ను కాపలా కాసినందుకు నేనే జీతం కట్టాలి. దేశమంతా పేరున్న రచయితకే, పెద్ద లాయర్లు ఉన్న మనిషికే ఇల్లు దొరకడం కష్టమైంది, బిల్లు కోటి దాటింది. సూళ్ళూరుపేట పక్కన కాలవ కట్ట మీద గుడిసె ఉన్నోడి సంగతేంది?

బయటి దేశాల్లోనూ ఈ డబ్బు గొడవ ఉంది. కాలి పట్టీ మొదలైంది అమెరికాలో, 1983లో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో. జాక్ లవ్ అనే జడ్జికి స్పైడర్ మ్యాన్ బొమ్మల కథ చూసి ఆలోచన వచ్చిందట. (నవ్వకండి, నిజమే. ఆ కథలో విలన్ స్పైడర్ మ్యాన్ చేతికి కడియం తొడిగి జాడ పట్టుకుంటాడు.) ఆ తర్వాత చెమటను పసిగట్టి తాగాడో లేదో చెప్పే పట్టీలు కూడా వచ్చాయి. కానీ అక్కడ చాలా చోట్ల ఆ పట్టీకి రోజువారీ అద్దె శిక్ష పడ్డోడే కట్టాలి. కట్టలేకపోతే మళ్ళీ జైలే. నల్లవాళ్ళు, పేదవాళ్ళు అలా అప్పుల్లో కూరుకుపోతున్నారని అక్కడి హక్కుల సంఘాలు ఎన్నాళ్ళనుంచో అంటున్నాయి.

స్వీడన్‌ది కొంచెం వేరే దారి. అక్కడ 1994లో కొన్ని ప్రాంతాల్లో మొదలుపెట్టి తర్వాత దేశమంతా తెచ్చారు. ఆరు నెలల దాకా జైలు శిక్ష పడినోళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే జైలుకు బదులు ఇంట్లో గడపవచ్చు. అలా వచ్చినోళ్ళలో ఎక్కువమంది తాగి నడిపినవాళ్ళే. పనికి పోవచ్చు, వైద్యానికి పోవచ్చు, మిగతా వేళంతా ఇంట్లోనే. చుక్క కూడా తాగకూడదు. అధికారులు చెప్పకుండా వచ్చి ఊదిస్తారు. సంపాదన ఉన్నోడు రోజుకు కొంత డబ్బు కట్టాలి. ఆ డబ్బు పోలీసులకు కాదు, నేర బాధితుల నిధికి పోతుంది. సంపాదన లేనోడు కట్టక్కర్లేదు. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే ఇస్తారు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీనికి.

సౌత్ డకోటా ఇంకోటి చేసింది. 2005లో మొదలు. అది అమెరికాలో మూలవాసులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. మళ్ళీ మళ్ళీ తాగి నడిపినోణ్ణి ఇంట్లో బంధించలేదు. నీ పని నువ్వు చేసుకో, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వచ్చి ఊదిపో అన్నారు. తాగి వస్తే అక్కడికక్కడే ఒకటి రెండు రోజులు లోపల. నెలల తరబడి వాయిదాలు లేవు. రాండ్ అనే పరిశోధన సంస్థ 2013లో లెక్క తీస్తే, మళ్ళీ తాగి నడిపి దొరకడం జిల్లా స్థాయిలో 12 శాతం తగ్గింది. ఇంట్లో కొట్టుకునే కేసుల అరెస్టులు కూడా 9 శాతం తగ్గాయి. చిన్న శిక్షే. కానీ తప్పకుండా పడుతుంది, వెంటనే పడుతుంది. కుర్రోళ్ళ మీద ఆరు నెలల భయం కన్నా రేపు పొద్దున్న ఊదాలి అనే భయమే ఎక్కువ పనిచేస్తుందని నాకనిపిస్తుంది.

సరే, మన ఒడ్డుకు వద్దాం. గృహ నిర్బంధంలో గృహం ఉంది. దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు, తడ వైపు యానాది కాలనీలు మీకు తెలిసినవే. పక్కా ఇల్లు వచ్చినోళ్ళు ఉన్నారు, వచ్చిన ఇల్లు సగంలో ఆగిపోయినోళ్ళు ఉన్నారు, పోరంబోకులో గుడిసె వేసుకుని పట్టా కోసం తిరుగుతున్నోళ్ళూ ఉన్నారు. కాలి పట్టీకి ఛార్జింగ్ పెట్టాలి, సిగ్నల్ ఉండాలి, చిరునామా ఉండాలి. మీటరు లేని గుడిసెలో ఛార్జింగ్ యాడ పెడతాడు? బ్యాటరీ అయిపోతే కంప్యూటర్‌కు అది పారిపోయినట్టే కనిపిస్తుంది. అప్పుడు జడ్జి గారి ముందు, 'కరెంటు పోయింది సార్' అని చెప్పుకోవాలి. నమ్ముతారా?

1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. బెయిల్‌కు 10,000 పూచీకత్తు అడిగారు. తమ్ముడు పూచీ ఇస్తానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో పేదవాడి బెయిల్ గురించి గట్టిగానే రాశారు. దాదాపు యాభై ఏళ్ళయింది. ఇప్పటికీ పూచీ అనగానే 'ఇంటి పన్ను రసీదు తీసుకురా' అంటారు. ఇంటికి కాగితం లేనోడికి బెయిలే కష్టమైన చోట, ఇంట్లో శిక్ష ఎవరికి దొరుకుతుంది?

పని సంగతి చూడండి. స్వీడన్ పద్ధతి పగలు పనికి పోయి రాత్రి ఇంట్లో ఉండే మనిషిని చూసి రాసింది. మనోళ్ళ పని అలా ఉంటుందా? రొయ్యల గుంటల దగ్గర కాపలా ఎప్పుడు? రాత్రి. వల ఎప్పుడు వేస్తారు, నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయి ఎప్పుడు దిగుతాయి అన్నది గడియారం చెప్పదు. ఎండాకాలంలో మన వైపు సరస్సు ఎండిపోతే పనులు వెతుక్కుంటూ శ్రీసిటీ వైపో, తమిళనాడుకో కుటుంబమంతా మూట కట్టుకుని పోతుంది. నలభై రోజులు ఇంట్లో ఉండు అంటే నలభై రోజులు పొయ్యి వెలగదు అని అర్థం. అప్పుడు గుంటల యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. అడ్వాన్సు తీసుకున్నాక ఎన్నేళ్ళు ఆ గట్టు మీద ఉండాల్సి వస్తుందో మన పెద్దవాళ్ళను అడగండి. కోర్టు వేసిన శిక్ష నలభై రోజులే, యజమాని దగ్గర పడేది మాత్రం ఏళ్ళు.

ఇంకో మనిషి ఉంది ఈ కథలో. భార్య. తాగినోణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేస్తే ఆ తాళం లోపల ఆమె కూడా ఉంటుంది. పిల్లలు ఉంటారు. ఒకే గది. బయటికి పోలేని మగవాడు, తాగడానికి లేని మగవాడు, పని లేని మగవాడు. పోలీసులు వచ్చి చూస్తుంటే సిగ్గుపడే మగవాడు. ఆ కోపం ఎవరి మీద పోతుంది? ఈ మాట రాస్తుంటే నాకు దూబగుంట గుర్తొస్తోంది. 1992లో ఇదే నెల్లూరు గడ్డ మీద రోసమ్మా, ఆమెతో నడిచిన ఆడవాళ్ళూ సారా అంగళ్ళ మీదకి పోయారు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళు మగవాణ్ణి ఇంట్లో కట్టెయ్యమని అడగలేదు. అంగడి ఎత్తెయ్యమన్నారు. 2024 అక్టోబర్‌లో కొత్త పాలసీ వచ్చి 99 రూపాయలకు క్వార్టర్ దొరుకుతోంది. 99 రూపాయలకు మందు అమ్మించే ప్రభుత్వమే, అది తాగి బండెక్కితే 10,000 కట్టమంటుంది. లాభం ఖజానాకు, జరిమానా ఖజానాకు. ఇది నా ఎత్తిపొడుపు కాదు, లెక్క.

అందుకే స్వీడన్‌లో ఇంట్లోవాళ్ళ అంగీకారం అడుగుతారన్న మాట గుర్తు పెట్టుకోమన్నాను. మన దగ్గర ఎప్పుడైనా ఈ చట్టం వస్తే, భార్యను విడిగా, ఆడ అధికారి ముందు, భర్త లేకుండా అడగాలి. ఆమె వద్దంటే వద్దు. ఇది లేకుండా వచ్చే ఏ హౌస్ అరెస్ట్ చట్టాన్నీ నేను ఒప్పుకోను.

మనల్ని ఇంట్లో ఉండమని, ఊరు దాటొద్దని రాజ్యం చెప్పడం ఇదే మొదటిసారి కూడా కాదు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. పుట్టుకతోనే నేరస్తులు అని రాసి యెరుకల, యానాది లాంటి జనాల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించారు. వేలిముద్రలు తీశారు. రాత్రి పోలీసు వచ్చి పేరు పిలిస్తే పలకాలి. పక్క ఊరికి పోవాలంటే పాసు కావాలి. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ, కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంట్లు నడిపాయి. కాలి పట్టీ అప్పుడు లేదు, అంతే తేడా. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి కొట్లాడారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా పోయింది. దాని స్థానంలో అలవాటు పడ్డ నేరస్తుల చట్టాలు కూర్చున్నాయి. మొన్న 2024 అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలో ఉన్న కులం రాతల్ని కొట్టేస్తూ, విముక్త జాతుల్ని అలవాటు నేరస్తులుగా చూసే రాతలు కూడా చెల్లవని చెప్పాల్సి వచ్చింది. డెబ్భై రెండేళ్ళ తర్వాత! శ్రీహరికోటలో షార్ కోసం దీవిలోని మనోళ్ళను ఖాళీ చేయించారు. ఈరోజు పాసు లేనిదే ఆ దీవి గేటు దాటలేం. కాబట్టి నీ కదలికల్ని మేము చూస్తుంటాం, ఇది నీ మంచికే అని ఎవరైనా అంటే మన చెవులు నిక్కబొడుచుకోవడంలో తప్పు లేదు. 2023 నవంబర్‌లో జమ్మూకశ్మీర్ పోలీసులు బెయిల్ మీద బయటికొచ్చిన మనిషి కాలికి జీపీఎస్ పట్టీ కట్టారు. 2024 జులై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, బెయిల్ ఇచ్చి గూగుల్ మ్యాప్‌లో నీ జాడ పోలీసులకు పంపుతూ ఉండు అనే షరతు పెట్టడం కుదరదు, అది మనిషి ఏకాంతం మీద దాడి అని చెప్పింది. ఈ గొడవ ఇంకా తెగలేదన్నమాట.

మరి ఏం చెయ్యాలి? జైలు వద్దు, జరిమానా కట్టలేం, ఇల్లు సరిపోదు, కానీ తాగి నడపడం ఆగాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. పాతదే ఉంది. 1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. సెక్షన్ 3 ప్రకారం రెండేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, ఇంతకుముందు శిక్ష పడనోణ్ణి కోర్టు మందలించి వదిలెయ్యవచ్చు. సెక్షన్ 4 ప్రకారం మంచి నడవడికకు బాండు రాయించుకుని, ప్రొబేషన్ అధికారి కనిపెట్టుకుని ఉండేలా వదలవచ్చు. ఆ సెక్షన్‌లోనే, ఉండే చోటు గురించీ, మత్తు పదార్థాలు మానడం గురించీ షరతులు పెట్టవచ్చని అక్షరాలా రాసి ఉంది. సౌత్ డకోటా 2005లో కనిపెట్టినదానికి కావలసిన బీజం మన చట్టంలో 1958లోనే పడింది. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ప్రొబేషన్ అధికారిని మన కాలనీలో ఎప్పుడైనా చూశారా మీరు?

ఈ చట్టం అందరికీ కాదు. తాగి నడిపి మనిషిని చంపినోడికి ఇది దొరకకూడదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణాలు తీసిన కేసుల్లో ప్రొబేషన్ లాభం ఇవ్వొద్దనే ధోరణిలో 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఆ మాట సరైందే అనిపిస్తుంది. అయితే అదే న్యాయం అందరికీ ఉండాలి కదా. 1999లో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారుతో ఆరుగుర్ని చంపిన సంజీవ్ నందాకు 2012లో సుప్రీంకోర్టు అప్పటిదాకా అనుభవించిన రెండేళ్ళ జైలు చాలంది. 50 లక్షలు కట్టి రెండేళ్ళు సమాజసేవ చెయ్యమంది. 2024 మే 19న పుణెలో పోర్షె కారుతో ఇద్దర్ని చంపిన కుర్రాడికి మొదట బెయిల్ ఇస్తూ 300 మాటల వ్యాసం రాయమన్నారు. దేశమంతా మండిపడితే తర్వాత మార్చారు. ప్రత్యామ్నాయ శిక్షలు అనేవి మన దేశంలో ఉన్నాయండీ. ఎవరి దాకా వస్తాయన్నదే ప్రశ్న. ఎవర్నీ గుద్దకుండా, మొదటిసారి ఊది దొరికిన కూలీ కుర్రాడి దాకా మాత్రం అవి రావు.

విశాఖలో 2023లో తాగి నడిపినోళ్ళ చేత కోర్టు బీచ్‌లో చెత్త ఏరించింది. కొత్త న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి సమాజసేవను ఒక శిక్షగా ఒప్పుకుంది. తాగి నలుగురిలో అల్లరి చేస్తే సమాజసేవ వెయ్యవచ్చు. కానీ తాగి బండి నడపడం మోటారు వాహనాల చట్టం కిందికి వస్తుంది, ఆ సెక్షన్ 185లో ఈ మాట లేదు. చట్టం మార్చమని అడిగేదుంటే నేను దీన్నే అడుగుతాను: సెక్షన్ 185లో జరిమానా కట్టలేనోడికి సమాజసేవ రాయండి, దాంతోపాటు తాగుడు మానే వైద్యం రాయండి. కూలి పోని వేళల్లో, ఊరికి దగ్గర్లో. పలక మెడలో వేసి రోడ్డు మీద నిలబెట్టే తమాషాలు వద్దు. మన జనాన్ని నిలబెట్టి చూపించడం చాలా కాలం నడిచింది.

ఇప్పటికిప్పుడు పనికొచ్చేది ఒకటి చెప్పి ఆపుతాను. మీ తమ్ముడో బావో ఊది దొరికాడనుకోండి. కోర్టు రోజున పక్కనోడు 'ఒప్పేసుకో, అయిపోద్ది' అంటాడు. ఒప్పుకుంటే జరిమానా పడుద్ది, లేదంటే లోపల. ఆగండి. ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరుకుతాడు. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ఇచ్చిన హక్కు అది. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే లీగల్ సర్వీసెస్ వాళ్ళ దగ్గరికి కుల సర్టిఫికెట్ జిరాక్స్ పట్టుకుని పోండి. ఇప్పటికే జరిమానా కట్టలేక లోపల ఉన్నోడైతే, 2023లో కేంద్రం పెట్టిన పేద ఖైదీల సాయం పథకం కింద 25,000 దాకా జరిమానా ప్రభుత్వమే కట్టవచ్చు. జిల్లా స్థాయి కమిటీ చూస్తుంది, మనం అడిగితేనే చూస్తుంది. ఇక కోర్టులో ఇదే మొదటి కేసు, ఎవరికీ దెబ్బ తగల్లేదు అన్నట్టయితే, లాయరు చేత ఒక అర్జీ రాయించండి: 1958 చట్టం సెక్షన్ 4 కింద, మందు ముట్టనని షరతు పెట్టి, పని చేసుకునే వీలిచ్చి వదలమని. జడ్జి గారు కాదనవచ్చు. కాదంటే ఎందుకు కాదన్నారో ఆర్డరులో రాయమని లాయరు చేత అడిగించండి. ఆ కాగితం జిరాక్స్ తీసి దాచుకోండి. సూళ్ళూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి, ఏ కోర్టులో అయినా సరే. ఒక యాభై కాగితాలు పోగయితే పెట్టుకుని మాట్లాడదాం.